కలెక్టర్ కాయ గురించి ఇద్దరు కలెక్టర్లకు

చిత్తూరు, తిరుపతి జిల్లాల కలెక్టర్ గార్లకు,

ఒకే ఉత్తరం ఇద్దరికీ రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లా చీలినప్పుడు బంగారుపాళెం మండీ ఒకవైపు, దామలచెరువు మండీ ఇంకోవైపు పడ్డాయి. మామిడి చెట్లకు మాత్రం ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. రెండు పక్కలా పూత ఒకే పక్షంలో వస్తుంది, పురుగు ఒకే గాలికి ఎగురుతుంది, కాయ ఒకే గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లో ఎండుతుంది. పైగా మనం తోతాపురి అనీ బెంగళూరా అనీ పిలుచుకునే కాయను కోస్తా వాళ్లు కలెక్టర్ కాయ అంటారు. మీ హోదా పేరు పెట్టుకున్న కాయ కష్టం మీకు కాక ఎవరికి చెప్పుకోవాలి?

నాది పెనుమూరు పక్కన నాలుగెకరాల తోపు. మా నాయన పెట్టింది. ముప్పై మూడు అడుగుల ఎడంతో, ఎకరాకు నలభై చెట్ల లెక్కన నాటాడు. అప్పట్లో సాళ్ల మధ్య వేరుశనగ వేసేవాళ్లం. ఇప్పుడు ఆ సాళ్లలో మధ్యాహ్నం పన్నెండుకు నిలబడినా నెత్తిన ఎండ పడదు. కొమ్మలు ఒకదాంట్లో ఒకటి దూరిపోయి, తోపంతా ఒకే గొడుగై కూర్చుంది. చూసేవాళ్లు ‘ఎంత చల్లగా ఉందో’ అంటారు. నాకు ఆ చల్లదనమే భయం.

మామిడి రైతు ఉత్తరం అనగానే ధర గురించి అనుకుంటారు. ధర గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, రాయాల్సిందే కూడా. 2025 కాపులో కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, దానిమీద ప్రభుత్వం 4 రూపాయలు అన్న లెక్క తేలేలోపు ఎన్ని కాయలు రోడ్డు పక్కన పారబోశారో మీరూ చూశారు. అదే జూన్‌లో బయటి రాష్ట్రాల తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకూడదని ఉత్తర్వు వచ్చింది, సరిహద్దు దారుల్లో లారీలు ఆగాయి, కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. అంటే కలెక్టరాఫీసు తలుచుకుంటే రెండు రాష్ట్రాలు కదులుతాయన్నమాట. ఆ తలుచుకోవడంలో కొంచెం, ఒక రంపం మీదికి మళ్లించమని అడగడానికి ఈ ఉత్తరం.

ఆఖరి లోడు వెళ్లిన మర్నాడు మా ఊళ్లో ఏ తోపులోనైనా అడుగుపెట్టి చూడండి. విరిగి వేలాడే కొమ్మలు, దోటి తగిలి చీలిన రెమ్మలు, కింద కుళ్లిన కాయలు, వాటిమీద ఈగలు. మనిషి కనిపించడు. మళ్లీ తోపులోకి జనం వచ్చేది మార్గశిరంలో, మందు కొట్టడానికే. చెట్టుకు అసలు పని ఉన్న నెలలు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. తమిళ లెక్కలో ఆడి నెల ఒకటి, ఆవణి ఒకటి, అంటే జులై, ఆగస్టు ప్రాంతం.

ఎందుకు రారంటే, సగం తోపులు గుత్తకు పోతాయి. పూత చూసి గుత్తదారు బేరం కుదుర్చుకుంటాడు, మందు ఆయనే కొడతాడు, కాయ ఆయనే కోస్తాడు. వచ్చే ఏడు ఈ తోపు ఆయనదో కాదో ఆయనకే తెలియదు. అలాంటప్పుడు కొమ్మ కత్తిరించడం మీద రూపాయి ఎందుకు పెడతాడు? సొంతదారుడేమో గుత్త డబ్బు తీసుకుని బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటాడు. గుత్తదారును తప్పుపట్టడం లేదు. ఆ చెట్టుకు ఆడి నెలలో యజమాని లేడు, అంతే.

కత్తిరింపు అంటే చెట్టుకు అందం దిద్దడం కాదని చెప్పడానికి ఒక్క పురుగు చాలు. తేనెమంచు పురుగు మీరు చూసే ఉంటారు, గోధుమగింజంత కూడా ఉండదు, ఆకారం చీలలాగా ముందు వెడల్పు, వెనక సన్నం. గుబురు తోపులోకి పొద్దున్నే వెళ్లి ఒక కొమ్మను అరచేత్తో తట్టండి. ఎండుటాకుల మీద చినుకులు పడ్డట్టు టపటపమని చప్పుడొస్తుంది. వాన కాదు, పురుగులు లేచిన చప్పుడు. పూత లేని కాలంలో ఇవి మాను పగుళ్లలో, నీడపట్టున దాక్కుంటాయి. పూత రాగానే గుత్తిమీద కూర్చుని రసం పీలుస్తాయి, తేనెలాంటి జిగురు విసర్జిస్తాయి, ఆ జిగురు మీద నల్లటి మసి తెగులు పడుతుంది. ఆకు నల్లబడితే తిండి తయారుకాదు, కాయ నల్లబడితే మండీలో దాన్ని చూసేవాడు ఉండడు. వీటికి కావలసింది నీడ, తేమ, గాలి ఆడకపోవడం. మూడూ మేమే ఇస్తున్నాం. ఇచ్చి, ఆ పైన నాలుగుసార్లు మందు కొడుతున్నాం. ఆ మందు గుబురు లోపలికి చేరదు. పై ఆకులను తడిపి కిందికి కారుతుంది.

పక్షికన్ను తెగులు కథా ఇలాంటిదే. ఆకుమీద, కాయమీద నల్లమచ్చలు పడేది దీనివల్లే. ఆ శిలీంధ్రం ఏడాదంతా ఎండు పుల్లల్లో బతుకుతుంది. పూత మీద మబ్బు పట్టి రెండు జల్లులు పడితే, ఆ పుల్లల మీది నీటిచుక్కలే దాన్ని గుత్తిమీదికి మోసుకెళ్తాయి. మనకు ఈశాన్య రుతుపవనాల తోక డిసెంబరు దాకా వేలాడుతుంది. తెల్లవారుజాము మంచు వేరే. కాబట్టి ఆడి నెలలో ఎండుపుల్ల ఏరి కాల్చిన రైతు, జనవరిలో కొట్టాల్సిన ఒక విడత మందు అప్పుడే మిగుల్చుకున్నట్టు. ఇది పురుగుమందుల దుకాణంలో చెప్పరు. ఒకసారి నల్లబడిన గుత్తి కోసుకుని ఒక దుకాణానికి వెళ్తే, గుత్తిని పట్టుకోకుండానే మూడు డబ్బాలు బల్లమీద పెట్టారు, మూడూ కలిపి కొట్టమన్నారు. కొట్టాను. పురుగు పోయింది, తేనెటీగలూ పోయాయి, ఆ ఏడు పిందె కట్టలేదు.

ఇక కొమ్మ కొట్టడం. మా ఊళ్లో రంపం పట్టే మనిషి అంటే కట్టెలు కొట్టే మనిషే. కూలి అడగడు, కొట్టిన కట్టె తీసుకుపోతాడు. ఉచితంగా అయిపోతుందని సంతోషపడి ఆరేళ్ల కింద నేనూ పిలిచాను. కట్టె కూలిగా పోయేటప్పుడు ఆయన కన్ను ఎక్కడ పడుతుంది? లావు కొమ్మ మీద. కాసే కింది కొమ్మలన్నీ బండిలోకెక్కాయి. తీయాల్సిన ఎండుపుల్లలు, నడినెత్తిన నిలువుగా పోయిన కొమ్మ అక్కడే ఉన్నాయి. మచ్చుకత్తితో నరికిన చోట బెరడు చీలి మోకాలెత్తు దాకా ఊడొచ్చింది. ఆ గాయాల్లోంచి మరుసటి ఏడు కాండం తొలిచే పురుగు దూరింది. పద్దెనిమిది చెట్లు పాడయ్యాయి, నాలుగు చచ్చిపోయాయి. తప్పు ఆయనది కాదు. ఏ కొమ్మ తీయాలో నేను చూపించలేదు, నాకూ తెలియదు.

తర్వాత నేర్చుకున్నాను. కొంత ఉద్యాన అధికారుల దగ్గర, కొంత కరకంబాడి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ల దగ్గర, మిగతాది చెట్ల మీద చెడగొట్టి. చేతి మణికట్టు కంటే లావు కొమ్మను ఒకే కోతతో తీయకూడదు. ముందు మానుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు కోయాలి. దానికి ఇంకాస్త అవతల పైనుంచి కోస్తే కొమ్మ బరువుకు తానే విరిగి పడుతుంది, బెరడు చీలదు. మిగిలిన మోడును ఆ తర్వాత నిదానంగా తీయాలి. ఎక్కడ తీయాలన్నదే అసలు విద్య. కొమ్మ మానులో కలిసేచోట ఉంగరం తొడిగినట్టు కొంచెం ఉబ్బి ఉంటుంది. ఆ ఉంగరాన్ని కోయకూడదు, దాన్ని దాటి మోడు వదలకూడదు. ఆ ఉబ్బులోంచే కొత్త బెరడు పెదవుల్లా ముందుకొచ్చి గాయాన్ని మూస్తుంది. మోడు వదిలితే అది ఎండి, కుళ్లు లోపలికి దిగుతుంది. కోత కొంచెం వాలుగా ఉండాలి, వాన నీరు నిలవకుండా.

గాయానికి పూసే మందు ఇంట్లోనే చేసుకోవచ్చు. కిలో మైలుతుత్తం అయిదు లీటర్ల నీళ్లలో, కిలో సున్నం ఇంకో అయిదు లీటర్లలో విడివిడిగా నానబెట్టి, రెండూ ఒకేసారి మూడో పాత్రలోకి పోస్తూ కట్టెతో కలపాలి. పాత్రలు ప్లాస్టిక్కువో మట్టివో అయ్యుండాలి. ఆకాశం రంగు పేస్టు తయారవుతుంది. దాంట్లో కొడవలి ముంచి కాసేపాగి తీయండి. ఇనుముమీద ఎర్రటి పొర పట్టిందా, తుత్తం ఇంకా మిగిలుందని అర్థం, సున్నం చాలలేదు. ఇంకొంచెం సున్నం వేసి మళ్లీ ముంచాలి. కొడవలి తెల్లగా బయటికొచ్చేదాకా ఆ పేస్టు చెట్టుకు పనికిరాదు. నా మనవడికి తోపులో నచ్చే పని ఇదొక్కటే. కొడవలి పరీక్ష వాడి చేతిమీదుగానే జరగాలి.

దీన్ని బోర్డో పేస్టు అంటారని మీకు తెలుసు. ఫ్రాన్సులో బోర్డో దగ్గర ద్రాక్షతోటల వాళ్లు రోడ్డు పక్క సాళ్లకు తుత్తం, సున్నం చల్లేవాళ్లట, దారినపోయేవాళ్లు గుత్తులు తెంపకుండా ఆ నీలిరంగు చూసి జడుసుకోవాలని. 1882లో మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త ఆ దారిన పోతూ, తోటంతా బూజు పట్టి ఆకు రాలినా రోడ్డు పక్క సాళ్లు మాత్రం పచ్చగా ఉండటం గమనించాడు. 1885లో దాన్ని లోకానికి చెప్పాడు. దొంగలకోసం పూసింది తెగులుకు మందైంది. మన తోపుల్లో కట్టే దిష్టిబొమ్మకూ ఏదో ఒక రోజు ఇలాంటి గౌరవం రాకపోదు.

ఏ కొమ్మ తీయాలన్నదానికి నాకు దొరికిన కొలమానం ఒకటే. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద నిలబడి నేల చూడాలి. ఎండ రూపాయి బిళ్లల్లా అక్కడక్కడా పడుతుంటే చెట్టు బాగున్నట్టు. ఒక్క బిళ్లా లేకపోతే నడిమధ్యన నిలువుగా పోయిన కొమ్మ ఒకటో రెండో తీయాలి. వాటితోపాటు ఒకదాన్నొకటి రాసుకునేవి, లోపలికి తిరిగినవి, ఎండినవి పోవాలి. కాసిన కొమ్మ చివర జానెడు లోపు కత్తిరిస్తే కొత్త చిగురు వస్తుంది. ఆ చిగురు ముదరడానికి నాలుగైదు నెలలు పడుతుంది, ముదిరితేనే పుష్యమాసంలో పూత. అందుకే కోత అయిన వెంటనే, అంటే జులై, ఆగస్టుల్లోనే పని ముగియాలి. అక్టోబరులో కొడితే వచ్చేది ఆకే. మా ఊరి పెద్దరైతు ఒకాయన తీరిక దొరికిందని దీపావళికి తోపంతా కత్తిరించాడు. సంక్రాంతికి అందరి తోపులూ పూతమీద ఉంటే ఆయనది ఎర్రటి లేత చిగురుతో పెళ్లిపందిరిలా ఉంది. చూడ్డానికి చాలా బాగుంది.

ఈ కత్తిరింపు బదులు మేం వేసుకుంటున్నది కల్టార్. వేళ్ల దగ్గర పోస్తే చెట్టు పెరుగుదల ఆపుకుని పూతకు వస్తుంది. నిజమే, వస్తుంది. కానీ ఏటేటా కొలత లేకుండా పోసిన తోపుల్లో రెమ్మలు గిడసబారి, ఆకులు పిడికిలి బిగించినట్టు దగ్గరగా ముడుచుకుపోయి ఉంటాయి. గుత్త తోపుల్లో ఇది ఎక్కువ. మళ్లీ అదే కారణం, వచ్చే ఏడు ఆ తోపు తనదో కాదో గుత్తదారుకు తెలియదు.

కనిపెట్టుకుని ఉండటం గురించి కూడా చెప్పాలి. రంపం ఏడాదికి ఒకసారి, కన్ను వారానికి ఒకసారి. బదనిక సంగతే తీసుకోండి. మీరు పాకాల రోడ్డులోనో, ఇరాల వైపో కారులో పోతున్నప్పుడు అద్దం దించి చూడండి. మామిడి చెట్టు మీద వేరే రంగు ఆకుతో, నారింజ రంగు గొట్టాల్లాంటి పూలతో గుబురొకటి కనిపిస్తుంది. అదే బదనిక. దాని పండు తిన్న చిన్న పిట్ట, జిగురు గింజను వదిలించుకోలేక కొమ్మకు రుద్దుతుంది. గింజ అక్కడే మొలిచి కొమ్మలోకి వేరు దింపి చెట్టు నీళ్లు తాగుతుంది. గుబురును మాత్రమే లాగేస్తే మళ్లీ మొలుస్తుంది. అది అంటుకున్న చోటికి అడుగున్నర కిందికి కొమ్మనే తీసేయాలి, అదీ పండు కాకముందే. నేను ఈ పని మూడేళ్లుగా చేస్తున్నాను. నా గట్టుకు అవతల ఒక తోపు ఉంది, యజమాని విదేశంలో. ఆ తోపులో బదనిక జాతర చేసుకుంటోంది. పిట్టకు గట్టు తెలియదు. ఏటా నా చెట్లకు పది కొత్తవి.

కాండం తొలిచే పురుగూ అంతే, తొందరగా చూస్తే పది రూపాయల పని. మాను మొదట్లో రంపపు పొట్టు రాలి ఉందంటే పైన ఎక్కడో రంధ్రం ఉంది. సైకిలు పుల్లను కొక్కెంలా వంచి లోపలికి పోనిచ్చి పురుగును లాగి, పెట్రోలులో ముంచిన దూది దూర్చి, బంకమట్టితో మూయడమే. మూడు నెలలు చూడకపోతే ఆ చెట్టు పాడెక్కినట్టే. పొట్టు కనిపించాలంటే ఎవరో ఒకరు వంగి మొదలు చూడాలి. బూడిద తెగులు కూడా ముందు నాలుగు గుత్తుల మీదే తెల్లగా కనిపిస్తుంది, రాత్రి చలి, పగలు పొడి ఎండ ఉన్న వారంలో. ఆ రోజే లీటరు నీళ్లకు మూడు గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి కొడితే ఆగుతుంది. వారం తర్వాత కొడితే తృప్తి మిగులుతుంది, పిందె మిగలదు.

కలెక్టర్ గార్లూ, మన సీమలో చెరువుకు ఒక నీరుగంటి ఉండేవాడు. గట్టుమీద ఎక్కడ ఊట పడిందో, ఏ తూము పట్టు వదిలిందో, ఎవరి కయ్యకు ఎన్ని గడియలు నీళ్లో చూసుకోవడం ఆయన పని. చెరువు ఎవరిదీ కాదు, అందరిదీ. కాబట్టి దాన్ని రోజూ చూసే మనిషిని ఊరు పెట్టుకుని, కల్లంలో ధాన్యం మేరగా కొలిచి ఇచ్చేది. తోపులు ఎవరివి వాళ్లవే. వాటిమీద వాలే పురుగు, తెగులు, బదనిక మాత్రం చెరువు నీళ్లలాంటివి, అందరివీ. వాటికి నీరుగంటి లేడు.

నేను అడిగేది అలాంటి మనిషిని. మండలానికి అయిదారుగురు యువకులు చాలు. చెట్టెక్కగలిగి, రంపం పట్టడం నేర్చుకోవాలని ఉన్నవాళ్లు మా ఊళ్లలో ఉన్నారు, ఇప్పుడు శ్రీసిటీకి, చెన్నైకి బస్సెక్కుతున్నారు. వాళ్లకు పొడుగు కర్ర రంపాలు, ఒక చిన్న మిషను రంపం, నడుముకు తాడు ఇచ్చి, నెలరోజులు చేతులు తిరిగేదాకా చెట్లమీద నేర్పించండి. తిరుపతిలో ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ల నిమ్మజాతి పరిశోధనా స్థానం ఉంది. బత్తాయికి బంక తెగులు ఎలా కారుతుందో, గజ్జి తెగులు పట్టిన రెమ్మను ఎలా తీయాలో అక్కడివాళ్లకు కొట్టినపిండి. వాళ్లనూ కలుపుకుంటే ఈ కుర్రాళ్లకు మామిడితోపాటు చీనీ, నిమ్మ కూడా వస్తాయి, ఆడి అయిపోయాక పని దొరుకుతుంది. కూలిలో సగం రైతు ఇస్తాడు. ఇవ్వడనుకోకండి, మూడు డబ్బాలకు ఇస్తున్నవాడు దీనికీ ఇస్తాడు. మిగతా సగానికి దారి లేకపోలేదు. కేంద్రం ఉద్యాన మిషన్ 2014 మార్గదర్శకాల్లోనే ముదురు తోటల పునరుద్ధరణకు హెక్టారుకు 40,000 రూపాయల ఖర్చు లెక్కగట్టి, అందులో సగం సాయంగా పెట్టింది. కానీ ఆ పద్ధతిలో చెట్టును మోడుగా నరికేస్తారు, మళ్లీ కాపుకు రెండు మూడేళ్లు ఆగాలి. నాలుగెకరాల వాడు మూడేళ్లు ఏం తింటాడు? మోడు చేసేదాకా ఆగకుండా, ఏటా కొంచెం కొంచెం కత్తిరించే పనికి ఆ సాయం పారేలా చూడండి. ఉపాధి హామీలో గుంత తవ్వినందుకు కూలి ఇచ్చారు, మొక్క నాటినందుకు ఇచ్చారు. ఆ మొక్కలే ఇప్పుడు కొమ్మలు కలుపుకుంటున్నాయి.

కన్ను పని ఇంకా తేలిక. రైతు సేవా కేంద్రం గోడమీద ఒక నల్లబల్ల పెట్టించండి. డిసెంబరు నుంచి మార్చి దాకా ప్రతి సోమవారం ఉద్యాన సహాయకులు ఊరికి రెండు తోపులు తిరిగి, పది గుత్తులు విదిలించి, తేనెమంచు పురుగులు గుత్తికి ఎన్ని పడ్డాయో, బూడిద కనిపించిందో లేదో సుద్దముక్కతో రాయాలి. గుత్తికి అయిదు లోపు అని బల్లమీద ఉంటే నేను మందు కొట్టను. బల్లమీద ఏమీ లేకపోతే పక్కవాడు కొట్టాడని కొడతాను. మా ఊళ్లో ఇప్పుడు మందు కొట్టేది పురుగును చూసి కాదు, పక్కవాడి ట్యాంకు చప్పుడు విని.

గుత్త కాగితాల్లో ఒక్క వాక్యం చేర్పించగలిగితే ఇంకా మేలు. కోత తర్వాత నలభై అయిదు రోజుల్లో ఎండుకొమ్మ తీయించే బాధ్యత ఎవరిదో ఆ కాగితంలోనే రాసుకోవాలని. చాలా గుత్తలు నోటిమాట మీదే నడుస్తాయి, నాకు తెలుసు. అయినా మండీ కమిటీలతో మీరు మాట్లాడితే నోటిమాటలోనైనా ఆ వాక్యం చేరుతుంది.

మా వాళ్లు ఎదురు చెబుతారు. కాసే కొమ్మ కొడితే పాపమని మా అమ్మ కూడా అనేది. రైతు భయం ఉత్త మూఢనమ్మకం కాదు. రంపం చేతికొచ్చిన ఉత్సాహంలో నేను ఒకే ఏడు ముప్పై చెట్లను మరీ తెరిచేశాను. ఇన్నాళ్లూ నీడలో ఉన్న బెరడుకు ఒక్కసారి ఎండ తగిలి పెళుసుబారి లేచిపోయింది. వాటికి సున్నం కొట్టి కాపాడుకున్నాను కానీ రెండేళ్లు కాపు సగమే. ఆస్ట్రేలియాలో ఏటా కోత కాగానే యంత్రాలతో చెట్టును కత్తిరిస్తారని విని ఉబలాటపడ్డాను. వాళ్లు మొక్కగా ఉన్నప్పటి నుంచే మొదలుపెడతారని తర్వాత తెలిసింది. నలభై ఏళ్ల మానుకు మూడేళ్ల వాయిదా ఇవ్వాలి, ఏటా మూడో వంతు.

నా తోపులో ఇంకా యాభై రెండు చెట్లు రంపం చూడలేదు. కుర్రాళ్లకు నేర్పించే చోటు కావాలంటే వాటిని వాడుకోండి. ఇరవై అడుగుల నిచ్చెన ఉంది, మైలుతుత్తం, సున్నం తెచ్చిపెడతాను, మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి మా ఇంట్లో. ఆడి కృత్తికకు కావళ్లు ఎత్తుకుని పోయినవాళ్లు తిరిగొచ్చేలోపు మొదలుపెడితే వినాయక చవితికి అయిపోతుంది. ఆ తర్వాత చేసేది చిగురుకు పనికొస్తుందే తప్ప పూతకు పనికిరాదు.

ఇట్లు,
పెనుమూరు మండలం నుంచి
ఒక కలెక్టర్ కాయ రైతు